ఇరవై మూడు గంటల లెక్క

మీ ఇంట్లో ఎప్పుడూ సగం సర్దిన పెట్టె ఒకటి ఉంటుందా? మా ఇంట్లో ఉంటుంది. హాల్లో, టీవీ పక్కన, అందరికీ కనబడేలా. చుట్టాలెవరైనా వస్తే "ఊరెళ్తున్నారా ఏవిటి?" అని అడుగుతారు. "అబ్బే, నిన్ననే వచ్చారండీ" అంటాను. మళ్లీ నెలకు వాళ్లే వస్తే ఆ పెట్టె అక్కడే ఉంటుంది. ఈసారి "నిన్ననే వచ్చారా?" అంటారు. "లేదండీ, రేపు వెళ్తున్నారు" అంటాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పెట్టె నాకు సవతిలాంటిది. తుడుస్తాను, సర్దుతాను, ఎవరూ లేనప్పుడు నాలుగు తిడతాను కూడా!

మావారిది సముద్రం మీద ఉద్యోగం. ముంబై తీరానికి అవతల చమురు తవ్వే రిగ్గు మీద పని. 28 రోజులు డ్యూటీ, 28 రోజులు ఇల్లు. కోనసీమలో ఇది వింత ఉద్యోగమేమీ కాదు. మా నేల కింద గ్యాసూ చమురూ ఉన్నాయని తవ్వకాలు మొదలై, తాటిపాకలో రిఫైనరీ వచ్చాక మా వైపు కుర్రాళ్లు చాలామంది రిగ్గుల పని నేర్చుకున్నారు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బ్లోఅవుట్ అయి రెండు నెలల పైన మంటలు ఆరలేదు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి మావారికి 21 ఏళ్లు. సైకిలు తొక్కుకుంటూ వెళ్లి దూరం నుంచి చూసొచ్చేవారట. జనం ఊళ్లు ఖాళీ చేసి పోతుంటే ఈయన మాత్రం మంట ఆర్పడానికి వచ్చిన మనుషుల్ని చూసి, "నేనూ ఆ పనిలోకే వెళ్తా" అన్నారట. "ఆ మంట పాశర్లపూడిలో ఆరింది గానీ నా కొంపలో ఆరలేదు" అని మా అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.

మా ఊరు ముక్తేశ్వరం. అయినవిల్లి మండలం, గౌతమీ గోదావరి ఒడ్డు. అవతలి ఒడ్డున కోటిపల్లి, మధ్యలో పంటు. ఊళ్లో క్షణ ముక్తేశ్వరస్వామి గుడి ఉంది. ఒక్క క్షణంలో ముక్తినిచ్చే దేవుడని పేరు. 2001లో నేను కాపురానికి వచ్చిన కొత్తలో మావారు నవ్వుతూ అన్న మాట నాకు బాగా గుర్తు. "మా ఊళ్లో మోక్షానికి క్షణం చాలు. ముంబై వెళ్లడానికే రెండు రోజులు పడుతుంది!"

నిజంగానే అలా ఉండేది. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరి, పంటు మీద గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రాజమండ్రి చేరేవారు. అర్ధరాత్రి దాటాక కోణార్క్ ఎక్స్‌ప్రెస్. మర్నాడంతా రైల్లోనే. ఆ పై తెల్లవారుజామున ముంబై. ఇంటికొచ్చేటప్పుడూ అంతే. 28 రోజుల సెలవు అని పేరేగానీ మూడు నాలుగు రోజులు దారిలోనే కరిగిపోయేవి.

తర్వాత కంపెనీవాళ్లు విమానం టిక్కెట్టు ఇవ్వడం మొదలెట్టారు. అమలాపురంలో రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్లి అక్కడ విమానం ఎక్కాలి. మొదట బేగంపేట, 2008 మార్చి నుంచి శంషాబాద్. 2012లో రాజమండ్రి దగ్గర మధురపూడిలో కొత్త టెర్మినల్ కట్టాక అక్కడినుంచే చిన్న విమానంలో హైదరాబాదు, అక్కడ మారి ముంబై. మా ఇంటినుంచి మధురపూడికి కొత్తపేట, రావులపాలెం మీదుగా కారులో రెండున్నర గంటలు. అప్పటికి అదే మాకు స్వర్గం.

కానీ మనిషి ఆశకు అంతెక్కడ? రెండున్నర గంటలు కూడా ఎక్కువే అనిపించడం మొదలైంది. మా వైపు ఇప్పుడు పెళ్లిచూపుల్లో కూడా అదే మాట. మా చిన్నప్పుడు "బస్సు దిగితే ఇంటికెంత నడక?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎయిర్‌పోర్టుకెంత దూరమండీ?" అంటున్నారు. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లు, ఓడల మీద తిరిగేవాళ్లు, అమెరికాలో పిల్లలున్నవాళ్లు... కోనసీమలో ఏ వీధి చూసినా ఒక పెట్టె సర్ది ఉంటుంది. మావారి స్నేహితులు ఒక్కొక్కరే రాజమండ్రికీ, హైదరాబాదుకూ కాపురాలు మార్చేశారు. "మనమూ వెళ్దామా?" అని ఈయన, "చూద్దాం లెండి" అని నేను. అలా రెండేళ్లు నాన్చాం.

2015 నవంబరులో మామగారు పోయారు.

రాత్రి బాగానే పడుకున్నారు. తెల్లారి 6 గంటలకు లేపడానికి వెళ్తే లేరు. నేను వణుకుతూ కంపెనీ ఆఫీసుకు ఫోను చేశాను. వాళ్లు రిగ్గుకు కబురు పంపారు. అక్కడ ఈయనకు హెలికాప్టర్‌లో సీటు దొరికేసరికి సాయంత్రం కావచ్చింది. ముంబై నుంచి రాత్రి విమానం పట్టుకుని శంషాబాద్ వచ్చారు. అక్కడినుంచి రాజమండ్రికి రాత్రిపూట విమానం లేదు. తెల్లారేదాకా కుర్చీలో కూర్చున్నారు. ఇక్కడ మామగారిని ఐసు పెట్టెలో ఉంచి, ఊరంతా అరుగుల మీద కూర్చుని, "పెద్దాడు ఎక్కడిదాకా వచ్చాడు?" అని గంటగంటకీ అడుగుతున్నారు. మర్నాడు మధ్యాహ్నం ముప్పావు తక్కువ ఒంటిగంట... కాదు, అంతకన్నా అరగంట ఆలస్యం, ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉందనగా కారు వచ్చి ఆగింది. ఆ టైము నేను జన్మలో మర్చిపోను.

కర్మకాండలయ్యాక ఒకరాత్రి ఈయన అరుగు మీద చీకట్లో కూర్చుని, "ఈ మారుమూల ఊళ్లో ఉండబట్టే నాన్నని చివరిసారి అలా చూడాల్సొచ్చింది" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

2016 జూన్‌లో రాజమండ్రిలో కోరుకొండ రోడ్డు వైపు ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నెలకు 8,500. ఎయిర్‌పోర్టుకు ముప్పావుగంట. అమ్మాయిని ఎనిమిదో తరగతిలో చేర్పించాం. అత్తగారిని రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. "మీరెళ్లండి అమ్మాయ్. ఆయన పోయిన ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉండాలి. కొబ్బరి దింపులొస్తాయి, కాయ లెక్క ఎవరు చూస్తారు?" అన్నారు. పాలు పోసే అతన్నీ, పక్కింటివాళ్లనీ చూస్తూ ఉండమని చెప్పి మేం వెళ్లిపోయాం.

చెప్పొద్దూ, నాకు రాజమండ్రి నచ్చింది. కుళాయి తిప్పితే నీళ్లు. కూరల బజారు దగ్గర. సాయంత్రం గోదావరి గట్టు మీద గాలి. కుట్టుపని క్లాసులో చేరి జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. నా చేతి డబ్బు నేను మొదటిసారి చూసింది అక్కడే. ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పైన విమానం వెళ్లేది. "అదుగో, నాన్న బస్సు!" అనేది మా అమ్మాయి.

మొదటి దెబ్బ 2017 జనవరిలో తగిలింది. ఈయన డ్యూటీకి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే పొగమంచు. పక్కింటి గేటు కూడా కనబడటం లేదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లి మూడు గంటలు కూర్చున్నాక విమానం రద్దయిందని చెప్పారు. మర్నాడు పొద్దున హెలికాప్టర్‌కు అందకపోతే ఈయన ఉద్యోగానికే మాట వస్తుంది. అదొక్కటే కాదు, ఈయన రిగ్గు ఎక్కితేనే అక్కడున్న మనిషి దిగి ఇంటికి వెళ్లేది. అతనింట్లో కూడా నాలాంటిది ఒకతె క్యాలెండర్ చూసుకుంటూ ఉంటుంది కదా! అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని గన్నవరం పరిగెత్తారు. అక్కడ విమానాలు ఎక్కువ, సాయంత్రం ఒకటి దొరికింది. ముప్పావుగంట దూరంలో ఎయిర్‌పోర్టు ఉందని ఇల్లు మార్చి, మూడు గంటల దూరంలో ఉన్న ఎయిర్‌పోర్టుకు వెళ్లామన్నమాట! ఎయిర్‌పోర్టు దగ్గరగా ఉంటే చాలదు, ఒకటి తప్పితే ఇంకొకటి దొరికేలా ఉండాలని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. ఈయన ఇంటికొచ్చిన 28 రోజుల్లో మేం రాజమండ్రిలో ఉన్నది ఎన్నాళ్లని? దింపుకు ఒకసారి, అత్తగారిని చూడటానికి ఒకసారి, పెళ్లో పేరంటమో ఒకసారి. విడతకు మూడుసార్లు తక్కువ కాకుండా ముక్తేశ్వరం పరుగులే. రావులపాలెం సెంటర్లో అరటిగెలలు అమ్మే అతను మమ్మల్ని గుర్తుపట్టి "మళ్లీ ఎల్తన్నారా అండీ?" అనేవాడు.

రెండో దెబ్బ 2018 శ్రావణంలో. మా అత్తగారు తెల్లవారుజామున ఐదున్నరకు నూతి దగ్గర నాచు మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. లేవలేరు. పాలు పోసే అతను వచ్చి చూసేసరికి ఏడయింది. గంటన్నర ఆ తడి చప్టా మీదే ఉన్నారు. నాకు ఫోను వస్తే పడుతూ లేస్తూ బయల్దేరి అమలాపురం ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఈయనేమో సముద్రం మీద. నన్ను చూడగానే అత్తగారు ఏడవలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. "అరిచాను అమ్మాయ్... కాకులు తప్ప ఎవరూ పలకలేదు" అన్నారు. అంతే! ఆ మాట నా గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఆపరేషన్ అయ్యాక రాత్రుళ్లు ఆవిడ మంచం పక్కన కూర్చునేదాన్ని. నిద్ర పట్టదు. నా సంచిలో మా అమ్మాయి రఫ్ నోటుపుస్తకం ఒకటి ఉంది. పాల లెక్కా, చాకలి పద్దూ రాసుకునేదాన్ని దాన్లో. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, పెద్ద లెక్కలు రావు. కూడికలూ తీసివేతలూ వచ్చు. అవే వేశాను.

ముక్తేశ్వరం నుంచి ఎయిర్‌పోర్టుకు రెండున్నర గంటలు. రాజమండ్రి ఇంటినుంచి ముప్పావుగంట. ఒక ప్రయాణానికి మిగిలింది గంటా ముప్పావు. ఈయన ఒక ఏడు ఆరుసార్లు వెళ్తే ఒక ఏడు ఏడుసార్లు. రానూపోనూ కలిపి ఏడాదికి 13 ప్రయాణాలు అనుకోండి. పదమూడింటికీ కలిపి మిగిలింది 22 గంటల 45 నిమిషాలు. గుండు లెక్కన 23 గంటలు. ఏడాది మొత్తానికి ఒక రోజు కూడా కాదు!

ఇప్పుడు ఖర్చు చూడండి. విడతకు మూడుసార్లు ముక్తేశ్వరం వెళ్లిరావడానికి, పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఏడాదికి ఆరు విడతలే వేసుకున్నా 72 గంటలు. 23 గంటలు మిగుల్చుకోవడానికి 72 గంటలు రోడ్డు మీద పోస్తున్నాం. డబ్బు లెక్క ఇంకా దారుణం. అద్దె ఏడాదికి 1,02,000. ముక్తేశ్వరం నుంచి కారుకు 2,000, రాజమండ్రి ఇంటినుంచి ఆటోకు 300. ప్రయాణానికి 1,700 చొప్పున పదమూడింటికి మిగిలింది 22,100. కందిపప్పులో అరకిలో బేరమాడే నేను ఈ లెక్క రెండేళ్లు వెయ్యకుండా ఎలా ఉన్నానో!

తర్వాత పేజీ తిప్పాను. రాయడానికి చెయ్యి ఆడలేదు, కానీ రాశాను. మామగారు పోయిన రోజు లెక్క. పొద్దున 6 నుంచి మర్నాడు పన్నెండూ ముప్పావు దాకా, మొత్తం 30 గంటల 45 నిమిషాలు. అందులో రిగ్గు మీద ఎదురుచూపులు 9 గంటలు. హెలికాప్టరూ, ముంబై ఎయిర్‌పోర్టూ కలిపి 5 గంటలు. శంషాబాద్‌లో కుర్చీలో 11 గంటల పైన. విమానాల్లో మూడు గంటల లోపు. మా ఊరి రోడ్డు మీద రెండున్నర గంటలు. అంతే! మూడేళ్లుగా ఆయన మనసులో ముద్దాయిగా నిలబడ్డ మా ఊరు తిన్నది రెండున్నర గంటలే. మేం రాజమండ్రిలో ఉన్నా ఆ రెండున్నర గంటలు తప్పేవి కావు. మామగారు ఉన్నది ముక్తేశ్వరంలోనే కదా!

ఇంకొకటి కూడా ఆ కాగితం మీదే కనబడింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు శంషాబాద్‌లో దిగినాయన అప్పుడే ఒక కారు కట్టించుకుని ఉంటే తెల్లారి ఏడింటికల్లా ఇంట్లో ఉండేవారు. టిక్కెట్టు చేతిలో ఉందని ఆయనకు తోచలేదు. ఏడుపులో మాకూ తోచలేదు. ఇల్లు మార్చకుండానే ఆరు గంటలు దొరికేవి.

ఈయన వచ్చాక ఆ పుస్తకం చేతికిచ్చాను. మొదటి పేజీ చూసి నవ్వారు. రెండో పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. "మామగారి దగ్గరకు మీరు ఆలస్యంగా వచ్చింది మన ఊరు వల్ల కాదండీ" అన్నాను. లేచి డాబా మీదకు వెళ్లిపోయారు. కిందికి వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను ఏడాదిలో సగం రోజులు ఉండను. ఉండేది నువ్వు. మళ్లీ అక్కడ ఉండగలవా?" అని అడిగారు.

పదిహేడేళ్ల కాపురంలో నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. రాజమండ్రికి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టును అడిగాం, బడిని అడిగాం, అద్దెను అడిగాం. ఇంట్లో ఉండే మనుషుల్ని అడగలేదు. నేను కూడా నిజమే చెప్పాను. "కుట్టు క్లాసు మానెయ్యాలంటే బాధగానే ఉంటుంది. ఈ గోదావరి గట్టు కూడా. కానీ మీ అమ్మగారు అరిస్తే పలికేంత దూరంలో ఉండాలి నేను" అన్నాను.

అత్తగారిని ఆరు నెలలు రాజమండ్రిలోనే ఉంచుకున్నాం. 2019లో అమ్మాయి పదో తరగతి పరీక్షలయ్యాక సామాను లారీ ఎక్కించాం. మిగిలే అద్దె డబ్బుతో మొదట చేయించిన పని నూతి చప్టా. నాచు పట్టకుండా గరుకు రాళ్లు వేయించి, పట్టుకోవడానికి ఇనపకడ్డీ పెట్టించాం. కుట్టుమిషను నాతోనే తెచ్చుకున్నాను. మా వీధి జాకెట్లన్నీ ఇప్పుడు నా దగ్గరకే వస్తాయి.

ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరనేలేదు. మార్చి మొదట్లో వెళ్లినాయన 80 రోజులకు ఇల్లు చేరారు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఇల్లున్నా ఆ రోజుల్లో ఒరిగేదేముంది? పెరట్లో బచ్చలి, కంద, అరటికాయ ఉన్నాయి. అత్తగారు, అమ్మాయి, నేను ఒకరికొకరం ఉన్నాం. అదొక్కటే ధైర్యం.

2022 జులైలో వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పంటు ఆగిపోయింది, కాజ్‌వేల మీద నీళ్లు. ఈయన డ్యూటీకి మూడు రోజులుంది. ఇదివరకటి మాకైతే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఈసారి రోడ్డు మునగకముందే రావులపాలెం మీదుగా పంపించేశాను. రాజమండ్రిలో లాడ్జీలో రెండు రాత్రులు ఉన్నారు. పోతే పోనీ, రెండు రాత్రుల లాడ్జీ ఖర్చు నెల అద్దెలో పావువంతు!

అలాగని ఎవరూ ఇల్లు మారొద్దని నేను అనడం లేదు. మా చుట్టాలబ్బాయి ఒకడు ప్రతి సోమవారం వెళ్లి శుక్రవారం వస్తాడు. అతనికి ఏడాదికి 104 ప్రయాణాలు. గంటా ముప్పావు చొప్పున వేస్తే 182 గంటలు, ఏడున్నర రోజులు. పైగా అతని తల్లిదండ్రులు అతనితోనే ఉంటారు. అతను ఎయిర్‌పోర్టు దగ్గరకు వెళ్లడమే సబబు. మా వీధిలోనే కువైట్‌లో పనిచేసే ఆవిడ ఉంది. కొత్త ఇల్లు ఊళ్లోనే కట్టుకుంటుంటే "రాజమండ్రిలో కొనుక్కోకపోయావా?" అని అడిగాను. "రెండేళ్లకోపాలి ఇమానం ఎక్కేదాన్ని, ఆడెందుకండీ నాకు ఇల్లు? నా పిల్లల్ని చూసే మా అమ్మ ఇక్కడుందండీ, ఆయ్" అంది. నేను నోటుపుస్తకం నింపి తెలుసుకున్నది ఆవిడకు ఒక్క ముక్కలో తెలుసు!

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆలోచన ఉంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఈ నాలుగూ చూసుకోండి.

ఒకటి, ఏడాదికి ఎన్ని ప్రయాణాలో వేలు మడిచి లెక్కపెట్టండి. మనసుకు తోచేదానికన్నా తక్కువే వస్తాయి.

రెండు, ఎయిర్‌పోర్టుకు దూరం ఒక్కటే చూడకండి. అక్కడినుంచి రోజుకు ఎన్ని విమానాలున్నాయి, రాత్రిపూట ఉన్నాయా, ఒకటి రద్దయితే రెండో దారేది? మాకు మధురపూడి కాకపోతే గన్నవరం, అదీ కాకపోతే విశాఖపట్నం. మూడింటికీ పట్టే టైము వంటింట్లో క్యాలెండర్ వెనకాల రాసి పెట్టాను.

మూడు, పొగమంచు రోజుల్లోనూ వరద రోజుల్లోనూ ఒకరోజు ముందే బయల్దేరదీయండి. తప్పిన విమానం కన్నా లాడ్జీ చవక.

నాలుగు, ఆ ఇంట్లో 365 రోజులూ ఉండేదెవరు? వాళ్లు పడితే లేపేదెవరు? వాళ్లు పిలిస్తే పలికేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా మూడూ.

పెట్టె సర్దే ఇల్లాళ్లకు ఇంకొక మాట. నెయ్యి సీసా, ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి. తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. గట్టిగా మూత బిగించి, రెండు కవర్లు కట్టి పెద్ద పెట్టెలో సర్దండి. ఎండుకొబ్బరి మాత్రం విమానంలో ఒప్పుకోరు. నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటుందట. కోనసీమ మనిషి పెట్టెలో కొబ్బరి ముక్క ఉండకూడదంటే నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అప్పట్నుంచీ కందిపొడి చేసి ఇస్తున్నాను. కందిపప్పు, గుప్పెడు శనగపప్పు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా కొట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే 28 రోజులూ పాడవదు. రిగ్గు మీద బెంగాలీ అతను, మలయాళీ అతను కూడా "భాభీ పొడి" అని అడిగి పెట్టించుకుంటారట!

మధురపూడిలో రన్‌వే పొడుగు పెంచారు. 2024 డిసెంబరులో అక్కడినుంచి ముంబైకి నేరుగా పెద్ద విమానం మొదలైంది. మొదటిసారి దాన్లో దిగి వచ్చినరోజు ఈయన గుమ్మంలోంచే, "చూశావా, మనం ఎయిర్‌పోర్టు దగ్గరకు వెళ్లడం మానేస్తే ముంబైయే మన దగ్గరకు వచ్చింది" అన్నారు. మా ఊరి రేవులో నిలబడితే కోటిపల్లి, నరసాపురం రైలు మార్గానికి వేసిన వంతెన స్తంభాలు కూడా కనబడతాయి. అత్తగారు వాటిని చూసి "రైలొస్తే నేనూ ఎక్కుతాను, నన్నెవరూ ఆపకండి" అంటారు. కర్ర సాయంతో నడుస్తున్నారు గానీ నోరు మాత్రం ఇదివరకటిలాగే!

మొన్న హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. "అమ్మా, ఆఫీసు పని మీద నెలనెలా బెంగళూరు వెళ్లాలట. శంషాబాద్ దగ్గర ఫ్లాటు చూసుకోనా?" అంది.

"నెలకెన్నిసార్లే?"

"ఒక్కసారి."

"ఆఫీసుకో?"

"అది రోజూ కదమ్మా. ఇటు చివరుంది."

"అయితే ముందు ఒక నోటుపుస్తకం తియ్యి" అన్నాను.

పక్కనుంచి మా అత్తగారు ఫోను లాక్కుని, "ఒసేయ్ మనవరాలా, పలికే మనుషులున్న వీధి చూసుకో" అన్నారు. ఆవిడ చెప్పాక నేను చెప్పడానికి ఇంకేముంటుంది? ఫోను ఆవిడకే వదిలేసి పెట్టె సర్దడానికి లేచాను. ఎల్లుండి ఈయన ప్రయాణం.